సన్నజాజి ఆకులు పాలిపోతే ఏ ఐరన్ కొనాలి? అన్నభేది, ఈడీటీఏ, ఈడీడీహెచ్‌ఏ: బెంగళూరు నీళ్ళకి ఏది ఆగుతుంది

తీర్పు ముందే చెప్పేస్తాం. బెంగళూరులో బోరు నీళ్ళో ట్యాంకరు నీళ్ళో పోసి కుండీల్లో పెంచే జాజి, సన్నజాజి, రాధామనోహరం తీగలకి మట్టిలో పోయడానికైతే ఈడీడీహెచ్‌ఏ కొనండి, ఖరీదెక్కువైనా. (ఈడీటీఏ, ఈడీడీహెచ్‌ఏ అంటే ఇనుముని కరిగే రూపంలో పట్టి ఉంచే చీలేట్లనే పదార్థాలు.) ఆకుల మీద కొట్టడానికైతే అన్నభేది చాలు, దానికి మించి ఖర్చు దండగ. కొట్లలో అన్నిటికంటే ఎక్కువ కనిపించే ఈడీటీఏ పొడికి పిచికారీలో పాస్ మార్కులు వేయొచ్చు గానీ, మట్టిలో మాత్రం ఈ నీళ్ళకి అది నిలబడదు. ఇక కొట్టువాడు చెప్పని మాట ఒకటుంది: పాలిపోయిన ప్రతి తీగకీ ఐరన్ అక్కర్లేదు. కొన్నిటికి అసలు ఏ పొడీ అక్కర్లేదు.

అందుకని ప్యాకెట్ తీసుకునే ముందు తీగని కొస నుంచి మొదలు దాకా ఒకసారి చూడాలి. ఏ ఆకు ముందు రంగు మారిందన్నదే అసలు ప్రశ్న. ఐరన్ ఒక ఆకులో కుదురుకున్నాక అక్కణ్ణుంచి పెద్దగా కదలదు. కాబట్టి కొరత వచ్చినప్పుడు ముదురాకులు బాగానే ఉంటాయి, కొసల్లో కొత్తగా విచ్చుకున్న లేతాకులు పసుపు తిరుగుతాయి. ఈనెలు మాత్రం ఆకుపచ్చగా, పెన్నుతో గీసినట్టు మిగులుతాయి. కొరత ముదిరితే ఆ ఈనెలు కూడా వెలిసిపోయి, ఆకు దాదాపు తెల్లబడి, అంచులు ఎండుతాయి.

నత్రజని, మెగ్నీషియం, పొటాష్‌ల తీరు వేరు. కొరత రాగానే మొక్క వాటిని ముదురాకుల్లోంచి లాగి చిగుళ్ళకి పంపుతుంది, అందుకని కిందాకులు ముందు దెబ్బతింటాయి. కిందాకు మొత్తం సమంగా పాలిపోయి రాలుతుంటే నత్రజని. కిందాకులోనే పసుపు అంచుల నుంచి ఈనెల మధ్యకి పాకుతూ, తొడిమ దగ్గర ఆకుపచ్చ కోణం ఒకటి మిగిలి ఉంటే మెగ్నీషియం. దీన్ని చాలామంది ఐరన్ లోపం అనుకుని పొడి కొంటారు, రెంటిలోనూ ఈనెలు ఆకుపచ్చగానే కనిపిస్తాయి కాబట్టి. కిందాకా, కొసాకా అన్న ఒక్క తేడాతో మందే మారిపోతుంది. మెగ్నీషియంకైతే లీటరు నీటికి 5 గ్రాముల ఎప్సమ్ సాల్ట్ కలిపి ఆకులు తడిసేలా కొట్టి, రెండు వారాల తర్వాత మళ్ళీ ఒకసారి కొడితే సరిపోతుంది. లేతాకులు పాలిపోవడమే కాకుండా చిన్నవైపోయి, కణుపులు దగ్గరై గుత్తిలా కనిపిస్తే జింక్. లీటరుకి 2 గ్రాముల జింక్ సల్ఫేట్. కిందాకుల అంచులు మాత్రమే మాడుతుంటే పొటాష్ లోపం కావచ్చు, కానీ ఈ ఊళ్ళో ముందుగా అనుమానించాల్సింది నీళ్ళలోని ఉప్పుని. దాని గురించి కాసేపట్లో.

ఈనెలతో నిమిత్తం లేకుండా ఆకు నిండా సూదిమొనతో పొడిచినట్టు లేత చుక్కలుంటే అది పోషకాల గొడవ కాదు, ఎర్రనల్లి. తెల్ల కాగితం పట్టుకుని దాని మీద కొమ్మని గట్టిగా తట్టండి. పడిన నలుసుల్లో కొన్ని నడుస్తుంటే, వేలితో రాస్తే ఎర్రటి గీత పడితే ఇంకో పరీక్ష అక్కర్లేదు. మార్చి నుంచి మే దాకా, వాన తగలని బాల్కనీల్లో ఇది బాగా ఎక్కువ. రోజు విడిచి రోజు ఆకుల అడుగు భాగానికి నీళ్ళు జోరుగా కొట్టడం, తగ్గకపోతే లీటరుకి 2 గ్రాముల నీటిలో కరిగే గంధకం సాయంత్రం పూట కొట్టడం. ఎండ మండుతున్నప్పుడు గంధకం కొడితే ఆకు కాలుతుంది. ఎర్రనల్లి ఉన్న తీగకి ఎంత ఖరీదైన ఐరన్ పోసినా చుక్క ఆకుపచ్చ కూడా రాదు.

చలికాలం సంగతి వేరు. డిసెంబరు, జనవరిల్లో ఇక్కడి రాత్రులు చల్లబడగానే రాధామనోహరం ఆకులు ఎర్రగా, పసుపుగా మారి రాలడం మామూలే. మల్లెకి కొమ్మ కత్తిరింపులు చేసే కాలం కూడా అదే. ఆ రెండు నెలల్లో పసుపు చూసి మందుల కొట్టుకి పరుగెత్తక్కర్లేదు. ఫిబ్రవరి చిగుళ్ళు కూడా పాలిపోయి వస్తే అప్పుడు చూసుకోవచ్చు.

ఇంకో పరీక్షకి మీ వేలు చాలు. మట్టిలోకి రెండు అంగుళాలు గుచ్చండి. నీళ్ళు పోసి మూడు రోజులైనా అక్కడ బురదగానే ఉంటే, కుండీ అడుగు చిల్లుల దగ్గర మురుగు వాసన వస్తుంటే, వేళ్ళు ఊపిరాడక చస్తున్నాయన్నమాట. ఊపిరాడని వేరు మట్టిలో ఐరన్ ఉన్నా తీసుకోలేదు, కాబట్టి లేతాకులు అచ్చం ఐరన్ లోపం లాగే పసుపు తిరుగుతాయి. ఇది పెద్ద మోసం. మొక్కని కుండీలోంచి మెల్లగా జార్చి వేళ్ళు చూడండి. తెల్లగా, గట్టిగా ఉంటే మంచివి. గోధుమరంగులో ఉండి, లాగితే తొడుగు ఊడి చేతికి వచ్చేస్తే కుళ్ళు. కుళ్ళినవి కత్తిరించి, ఎర్రమట్టి, వర్మీకంపోస్టు, కడిగిన కొబ్బరి పొట్టు, ముతక ఇసుక సమపాళ్ళలో కలిపిన కొత్త మిశ్రమంలో నాటాలి. ఐరన్ మాట తర్వాత.

ఇవన్నీ కాదని తేలాక, కొసాకుల్లో ఆ ఈనెల వల స్పష్టంగా ఉంటే అప్పుడు ఐరనే. కానీ నర్సరీ నుంచి వచ్చిన కవరు నిండా ఎర్రమట్టే కదా, ఎర్రమట్టికి ఆ రంగు ఇచ్చేదే ఇనుము కదా, మరి కొరత ఎందుకు? మట్టిలో ఐరన్ ఉంది, కరగట్లేదు. ఫెర్రిక్ రూపంలో, అంటే తుప్పులా ఉన్న ఇనుము కరిగే గుణం, పీహెచ్ (పులుపు నుంచి క్షారం దాకా కొలిచే లెక్క) ఒక్క అంకె పెరిగితే దాదాపు వెయ్యి రెట్లు పడిపోతుంది. పీహెచ్ పెంచేది మనం పోసే నీళ్ళు. బోరు నీళ్ళలో కరిగి ఉన్న బైకార్బోనేట్లు తడిపిన ప్రతిసారీ కుండీలో కొంత మిగిలిపోతాయి. తోటలో అయితే నేల లోతు తట్టుకుంటుంది. 12 అంగుళాల కుండీలో ఉండేది మహా అయితే 15 లీటర్ల మట్టి, కొన్ని నెలల్లో దాని తీరే మారిపోతుంది. కావేరి నీళ్ళు వచ్చే ఇళ్ళలో ఈ బాధ తక్కువ. వైట్‌ఫీల్డ్, బెళ్ళందూరు, సర్జాపూర్ రోడ్డు వైపు అపార్ట్‌మెంట్లలో ఒకే సంపులో కావేరి, బోరు, ట్యాంకరు మూడూ కలుస్తాయి, ఎండాకాలంలో అందులో బోరు వాటా పెరుగుతుంది. ఫిబ్రవరిలో మొదలైన పసుపు, వానకి ఎదురుగా ఉన్న కుండీల్లో జులై నాటికి తనంతట తానే తగ్గి, పైకప్పు కింద ఉన్న కుండీల్లో అలాగే ఉండిపోతే నేరం నీళ్ళదే.

టీడీఎస్ పెన్ను కొని ఆ అంకె చూసి నిర్ణయానికి రావద్దు. అది మొత్తం ఉప్పు ఎంతో చెబుతుంది గానీ బైకార్బోనేట్ ఎంతో చెప్పదు. చేపల తొట్టె సామాన్లమ్మే కొట్లలో దొరికే, నీళ్ళలో బైకార్బోనేట్ ఎంతో చెప్పే కేహెచ్ చుక్కల పరీక్ష ఇక్కడ చాలా మెరుగు. అందులో ఒక డిగ్రీ అంటే లీటరుకి సుమారు 18 మిల్లీగ్రాములు, కాల్షియం కార్బోనేట్ లెక్కలో. ఏడెనిమిది డిగ్రీలు దాటితే చిన్న కుండీల్లో ఐరన్ లోపం ఈరోజు కాకపోతే రేపు వస్తుంది. మట్టి పరీక్షే కావాలంటే హెబ్బాళ దగ్గర జీకేవీకే ప్రాంగణంలో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉంది. నాలుగు కుండీల కోసం అంత దూరం అవసరమా అన్నది మీ ఇష్టం.

సాఫ్ట్‌నర్ ఉన్న అపార్ట్‌మెంట్లు ఇంకో జాగ్రత్త పడాలి. సాఫ్ట్‌నర్ కాల్షియం, మెగ్నీషియం తీసేసి వాటి బదులు సోడియం పెడుతుంది. బైకార్బోనేట్‌ని ముట్టుకోదు. అంటే మనకి పనికొచ్చేది పోయి, హాని చేసేది మిగిలి, పైగా ఇంకో హాని చేరుతుంది. అంచులు మాడటం, మట్టి పైన గట్టి పొర కట్టడం ఈ నీళ్ళ గుర్తులు. సాఫ్ట్‌నర్‌కి ముందున్న కుళాయి ఎక్కడుందో మెయింటెనెన్స్ వాళ్ళని అడిగి అక్కణ్ణుంచి పట్టుకోండి. ఆర్‌వో యంత్రం వదిలేసే నీళ్ళు మొక్కలకి పోస్తే పొదుపు అనుకుంటారు, అందులో ఉప్పు మామూలు నీళ్ళకంటే ఎక్కువ. నేల తుడవడానికి వాడుకోండి.

ఇక సరుకు దగ్గరికి వద్దాం.

అన్నభేది, అంటే ఫెర్రస్ సల్ఫేట్. అనంతపురం, చిత్తూరు వైపు వేరుశనగ రైతుకి, బత్తాయి రైతుకి కొత్తగా చెప్పాల్సిన పని లేదు. లేత ఆకుపచ్చ పలుకులు, ఇనుము 19 శాతం చిల్లర. ఊరి ఎరువుల కొట్లో కిలో లెక్కన చవగ్గా దొరుకుతుంది, ఇక్కడి నర్సరీలో వంద గ్రాముల డబ్బాకి పెట్టే డబ్బుతో అక్కడ చాలా వస్తుంది. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, ఒక గ్రాము నిమ్మ ఉప్పు. ఈ లెక్క పొలానిది. బాల్కనీ నీడలో పెరిగిన పల్చటి ఆకులకి మొదటిసారి 3 గ్రాములతో మొదలుపెట్టడం మేలు.

వరుస తప్పితే చెడుతుంది. ముందు నిమ్మ ఉప్పు నీళ్ళలో కరగాలి, ఆ తర్వాతే అన్నభేది. తిరగేసి కలిపితే బోరు నీళ్ళలో కళ్ళముందే తుప్పు రంగు తిరిగి అడుగున మడ్డి కడుతుంది. ఆ మడ్డి ఆకుకి ఎందుకూ పనికిరాదు. కలిపిన గంటలోపే, ఎండ దిగాక, ఆకు అడుగు వైపు కూడా తడిసేలా కొట్టాలి. లీటరుకి నాలుగైదు చుక్కల షాంపూ వేస్తే నీళ్ళు జారిపోవు. పది రోజులకోసారి, కొత్తాకులు సరైన రంగులో వచ్చేదాకా. మొగ్గలున్నప్పుడు మాత్రం వద్దు, తెల్లటి జాజిపూల మీద గోధుమ మచ్చలు పడతాయి. పూలు కోసుకున్నాక కొట్టుకోండి. గ్రానైట్ గట్టు మీద, టైల్స్ మీద పడితే తుప్పు మరక ఒక పట్టాన వదలదు. కింద పాత దుప్పటి పరవకుండా మొదలుపెడితే ఆ వారమంతా ఇంట్లో అదే మాట నడుస్తుంది.

దీని లోటు ఏమిటంటే, మట్టిలో వేస్తే ఉపయోగం లేదు. మన నీళ్ళ పీహెచ్‌కి కొద్ది రోజుల్లోనే మళ్ళీ కరగని తుప్పుగా మారిపోతుంది. కుండీలో తుప్పు మేకులు పాతిపెట్టడం కూడా ఇదే కారణంగా వట్టి కాలక్షేపం. మట్టిలో తుప్పుకి కొరతేం లేదు.

ఈడీటీఏ ఐరన్. ఆవపొడి రంగు, ప్యాకెట్ మీద ఇనుము 12 శాతం అని ఉంటుంది, నీళ్ళలో మడ్డి లేకుండా చక్కగా కరుగుతుంది. లీటరుకి అర గ్రాము నుంచి ఒక గ్రాము. నిమ్మ ఉప్పు గొడవ లేదు, మరక తక్కువ, ఆకు మాడే ప్రమాదం కూడా అన్నభేది కంటే తక్కువ. కొలత, వరుస చూసుకునే ఓపిక లేనివాళ్ళకి పిచికారీకి ఇదే నయం. తేడా అంతా మట్టిలో వస్తుంది. ఈడీటీఏ అణువు ఇనుముని పట్టుకుని ఉండగలిగేది పీహెచ్ 6.5 దాకానే. అది దాటాక ఇనుముని వదిలేసి, బోరు నీళ్ళలో కావలసినంత దొరికే కాల్షియాన్ని పట్టుకుంటుంది. వదిలిన ఇనుము తుప్పు. అయినా చాలా ప్యాకెట్ల వెనక "మొక్క మొదట్లో లీటరుకి ఇంత పోయండి" అనే ఉంటుంది. మామూలు ఎర్రమట్టికి, కావేరి నీళ్ళకి ఆ మాట చెల్లుతుందేమో గానీ, బోరు నీళ్ళకి తెల్ల పొర కట్టిన కుండీకి చెల్లదు. డీటీపీఏ అని ఇంకోటి ఉంది, ఏడు, ఏడున్నర దాకా ఆగుతుంది; చిన్న ప్యాకెట్లలో దొరికేది తక్కువ, దొరికితే ఈడీటీఏ కంటే నయం.

ఈడీడీహెచ్‌ఏ ఐరన్. నల్లగా కనిపించే ముదురు ఎరుపు గుళికలు, ఇనుము 6 శాతమే. ఈడీటీఏలో సగం ఇనుముకి అంతకంటే ఎక్కువ ధరా అని చాలామంది ఇక్కడే వెనక్కి తగ్గుతారు. శాతం చూసి కొనే సరుకు కాదిది. పీహెచ్ 9 దాటినా ఇనుముని వదలదు, డబ్బు పెట్టేది ఆ పట్టుకి. అందులోనూ లేబుల్ మీద ఆర్థో-ఆర్థో ఎంత శాతమో చూడాలి. ఆ 6లో ఆర్థో-ఆర్థో రూపంలో ఉన్న భాగమే సున్నపు మట్టిలో ఎక్కువకాలం నిలిచేది. 4.8 అని ఉంటే మంచి సరుకు. ఆ అంకె అసలు రాయని ప్యాకెట్‌కి ఎక్కువ డబ్బు పెట్టకండి. నీళ్ళు ద్రాక్షరసం రంగుకి తిరిగాయి కదా అని అసలుదే అనుకోవడానికి లేదు, రంగు ఎవరైనా కలపొచ్చు.

వాడకం తేలిక. 12 అంగుళాల కుండీకి 2 గ్రాములు, 2 లీటర్ల నీళ్ళలో కలిపి, ముందే తడిగా ఉన్న మట్టిలో సాయంత్రం పోయాలి. పొడి మట్టిలో పోస్తే పక్కల నుంచి జారి ప్లేట్లోకి వచ్చేస్తుంది, ఖరీదైన ఎర్ర నీళ్ళు. పోశాక రెండు రోజులు చిల్లుల్లోంచి కారేలా నీళ్ళు పెట్టొద్దు. నాలుగు వారాల తర్వాత అవసరమైతే ఇంకోసారి. ఆకుల మీద కొట్టొద్దు, వెలుతురికి విరిగిపోతుంది. పది నుంచి పధ్నాలుగు రోజుల్లో కొత్తగా విచ్చే ఆకులు చూడండి. ముందే పూర్తిగా వెలిసిపోయిన ఆకులు మళ్ళీ రంగు తెచ్చుకోకపోవచ్చు, వాటిని బట్టి సరుకు పనిచేయలేదనకండి.

రెండు మోతాదులయ్యాక కూడా ఈనెల మధ్య పసుపు అలాగే ఉంటే మూడోది పోయొద్దు. ఐరన్ ఎక్కువైతే మాంగనీసు అందడం తగ్గుతుంది, దాని లోపం చూడటానికి ఐరన్ లోపం లాగే ఉంటుంది. లీటరుకి 2 గ్రాముల మాంగనీస్ సల్ఫేట్ ఒక కొమ్మకి కొట్టి చూడండి.

నిజానికి ఏది కొనాలన్నా ముందు చేయదగ్గది ఈ ఒక్క కొమ్మ పరీక్షే. పాలిపోయిన కొసల్లో మూడు కొమ్మలు ఎంచి, వేరు వేరు రంగుల దారాలు కట్టండి. ఒకదాని ఆకుల మీద అన్నభేది నీళ్ళు, ఇంకోదానికి మాంగనీసు, మూడోదానికి జింకు, దూదితో అద్దండి. ఆకు మొత్తం కాదు, నడి ఈనెకి ఒక పక్కనే. వారం పది రోజుల్లో ఏ దారం కొమ్మ మీద అద్దిన పక్క ఆకుపచ్చ తిరిగితే అదే లోపం. అన్నిటికీ కలిపి చిటికెడు పొడి ఖర్చు. ఫోటో చూసి రోగం చెప్పే ఫోన్ యాప్‌ల కంటే దీన్ని నమ్మొచ్చు. యాప్‌కి మీ నీళ్ళ సంగతి తెలీదు.

"మైక్రోన్యూట్రియంట్ మిక్స్" సీసాలకి మా దగ్గర మార్కులు తక్కువే. అందులో ఐరన్ కొంచెమే ఉంటుంది, కొసాకులు తెల్లబడ్డ తీగకి చాలదు. చాలట్లేదని మోతాదు పెంచితే అందులోని బోరాన్ ఆకు అంచుల్ని మాడుస్తుంది. ఆరోగ్యంగా ఉన్న మొక్కకి నెలకోసారి ఇస్తే తప్పు లేదు. సముద్రపు నాచు, హ్యూమిక్ ద్రావణాలు ఈ రోగానికి మందు కాదు. గుడ్డు పెంకులు, బూడిద, సున్నం తగిలిన చెత్త అయితే ఈ కుండీల దగ్గరికి కూడా రానివ్వకండి, పీహెచ్ ఇంకా పెంచుతాయి. డీఏపీ అతిగా వేస్తే భాస్వరం కూడా ఐరన్‌ని పట్టేస్తుంది. పెరట్లో కరివేపాకు పాలిపోయినా ఈ లెక్కలే.

నీళ్ళు మార్చకుండా ఈడీడీహెచ్‌ఏ పోస్తూ పోతే ప్రతి రెండు మూడు నెలలకీ మళ్ళీ పోయాల్సిందే. మే నుంచి అక్టోబరు దాకా బెంగళూరులో వానకి కొదవ లేదు. 12 అంగుళాల కుండీలో ఒకేసారి 25, 30 లీటర్ల వాననీళ్ళు మెల్లగా పోసి అడుగు నుంచి కారనిస్తే చాలా ఉప్పు కొట్టుకుపోతుంది. ఏసీ నుంచి కారే నీళ్ళు కూడా పనికొస్తాయి. అవేవీ లేని నెలల్లో, బోరు నీళ్ళ 10 లీటర్ల బకెట్‌కి 3 గ్రాముల నిమ్మ ఉప్పు. ఇది తాత్కాలికం, మట్టిలోని సూక్ష్మజీవులు నిమ్మ ఉప్పుని తినేశాక బైకార్బోనేట్ మళ్ళీ తేలుతుంది. అయినా ఐరన్ పోసిన వారంలో ఆ నీళ్ళే పోస్తే మేలు.

కొనేటప్పుడు పెద్ద డబ్బా నుంచి కవర్లలోకి ఒంపి, పైన పెన్నుతో "ఐరన్" అని రాసి అమ్మేవి వద్దు. అందులో ఏ రకం ఉందో అమ్మేవాడికే తెలియదు. లేబుల్ మీద చీలేట్ పేరు, శాతం, తయారీ తేదీ ఉండాలి. అన్నభేది పలుకులు గోధుమ రంగుకి మారి ఉంటే కొనకండి. ఇంట్లో గాలి చొరని, వెలుతురు తగలని డబ్బాలో, వంటగదికి దూరంగా, పిల్లలకీ కుక్కలకీ అందని ఎత్తులో పెట్టండి. అన్నభేది పలుకులు చూడటానికి పటికబెల్లంలా ఉంటాయి, పసిపిల్లలు మింగితే ప్రాణం మీదికి వస్తుంది.

మార్కులు అయిదుకి: లోపం ఖాయమయ్యాక మట్టికి ఈడీడీహెచ్‌ఏ నాలుగున్నర. ఆకులకి అన్నభేది నాలుగు, మరకల కోసం ఒకటి కోత. ఈడీటీఏ పిచికారీకి మూడున్నర, మట్టికి ఒకటి. రెండు మూడు తీగలున్న ఇంటికి వంద గ్రాముల ఈడీడీహెచ్‌ఏ ఏడాది పైనే వస్తుంది, అరకిలో ప్యాకెట్ మీద తగ్గింపు చూసి ఆశపడకండి.